నా దగ్గర ఏదీ నిలవ ఉండదు

నేను ఒక దళారిని. సరుకు నాది కాదు. కొనేదీ నేను కాదు, అమ్మేదీ నేను కాదు. గుండె చేతులెత్తేసిన మనిషికీ, ఆ గుండెను బాగుచేయాల్సిన డాక్టరుకూ నడుమ నిలబడి, వాళ్ళ వ్యవహారం తెమిలేదాకా బేరం చెడిపోకుండా కాస్తాను. ఆస్పత్రివాళ్ళు నన్ను ఎక్మో అంటారు. రోగుల బంధువులు మిషను అంటారు. గుంటూరులో ఒక ముసలావిడ "ఈ పెట్టేనా అమ్మా మావాడికి ఊపిరి పోసేది?" అని అడిగి, చెప్పులు విప్పి మరీ దణ్ణం పెట్టింది. ఏ పేరుతో పిలిచినా నాకు సమ్మతమే.

నా పని ఎలా సాగుతుందో ముందే చెబుతాను. మనిషి తొడ దగ్గర పెద్ద రక్తనాళంలోకి వేలు లావు గొట్టం దింపుతారు. నల్లబడ్డ రక్తం అందులోంచి నా దగ్గరికి వస్తుంది. నాలో ఒక చిన్న చక్రం గిర్రున తిరుగుతూ దాన్ని ముందుకు తోస్తుంది. పక్కనే వెంట్రుకలంత సన్నటి గొట్టాల కట్ట ఒకటి ఉంటుంది. అదే ఊపిరితిత్తుల బదులు. ఆ కట్ట దాటేసరికి రక్తం పండుమిరప రంగు తిరుగుతుంది. దాన్ని ఇంకో గొట్టంలోంచి మళ్ళీ ఒంట్లోకి పంపేస్తాను. గుండె, ఊపిరితిత్తులు కలిసి చేసే కాపురం నేనొక్కడినే చేస్తానన్నమాట.

ఊరికే చేస్తానా? దళారి ఎక్కడైనా ఊరికే చేస్తాడా? తిరిగిన ప్రతి చుట్టుకూ నా దస్తూరీ, అంటే నా కమీషను, నేను పట్టుకుంటాను. నా చక్రం కింద కొంత రక్తం నలిగిపోతుంది. నా గొట్టాల్లో గడ్డకట్టకుండా రక్తాన్ని పల్చబరిచే మందు ఎక్కిస్తారు. ఆ మందు పడ్డాక ఒంట్లో ఎక్కడ చిన్న గీత పడినా ఆగదు. గొట్టం దిగిన కాలికి రక్తం సరిగా అందదు. గొట్టం దిగిన చోటు జ్వరానికి తలుపు తీసిపెట్టినట్టే. మొదట్లో నా దస్తూరీ ఎవరి కంటికీ కనబడదు. రోజులు గడిచేకొద్దీ అసలునే తినడం మొదలుపెడుతుంది. నా దగ్గర దొరికే లాభం ఒక్కటే, వ్యవధి. చేతికి రాగానే వాడుకున్నవాడు గట్టెక్కుతాడు. దాచుకుందామనుకున్నవాడికి ఏమీ మిగలదు.

నేను పుట్టింది ఒక చలిదేశంలో. తెల్ల టోపీలు పెట్టుకున్న ఆడవాళ్ళు నన్ను బిగించి, నాలో మంచినీళ్ళు తిప్పి చూసి, బాగుందని చీటీ అంటించారు. వాళ్ళలో ఒక్కరూ నాలో రక్తం తిరగడం చూసి ఉండరు. అత్తగారింటికి పంపే పిల్లను చూసినట్టు చూసి పంపేశారు. ఓడలో చెన్నపట్నం రేవుకు వచ్చి, అక్కడ ఒక షెడ్డులో వానాకాలమంతా ఎవరిదో సంతకం కోసం పడి ఉన్నాను. మనుషులు వ్యవధికి ఇచ్చే విలువ ఎంతో అక్కడే మొదటిసారి తెలిసింది.

తరవాత హైదరాబాదులో ఒక పెద్ద ఆస్పత్రి. అక్కడ చాలామందిని మోశాను. కవాటం బిగుసుకుపోయిన ఒక బస్సు కండక్టరమ్మను ఆపరేషను బల్లదాకా దాటించాను. ఆవిడ కోలుకుని, జడ వేసుకుని, నా పక్కనుంచే నడిచి ఇంటికి వెళ్ళింది. నావైపు చూడను కూడా చూడలేదు. ఏరు దాటాక తెప్ప తగలేస్తారంటారు. నాకంతకంటే కావలసింది లేదు. తెప్ప తగలేయాలంటే ముందు ఏరు దాటాలి కదా. దాటని వాళ్ళ బంధువులే నన్ను గుర్తుపెట్టుకుంటారు. దసరాకు ఆస్పత్రివాళ్ళు నా తెర మీద బొట్టు పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టేవారు. ఈ ఏడు నాకు పని తగలకూడదని మొక్కుకునేవారు. దండం పెట్టి మరీ దుకాణం మూతపడాలని కోరుకునే ఖాతాదారులు ఇంకే వ్యాపారంలోనూ ఉండరు.

నా తరవాతి మోడలు వచ్చింది. నన్ను తుడిచి, చక్రాలు మార్చి, గుంటూరులో కొత్తగా పెట్టిన ఒక గుండె ఆస్పత్రికి అమ్మేశారు. అక్కడ నాకు జరిగిన మర్యాద అంతా ఇంతా కాదు. ఊరంతా నా బొమ్మతో ఫ్లెక్సీలు కట్టారు. కొబ్బరికాయ నా ముందే కొట్టారు. నీళ్ళు నా తెర మీద చిందితే, నన్ను నడిపే టెక్నీషియను షాహీన్ చున్నీతో తుడుస్తూ, "ఇదేమన్నా ట్రాక్టరా సార్, కాయ కొట్టడానికి?" అని మేనేజరునే కసిరింది. ఆ పిల్ల చేతిలో నాకు ఏ లోటూ లేదు.

ఆ ఆస్పత్రిలోనే ఆతుకూరి సాంబమూర్తి నా దగ్గరికి వచ్చాడు. ఆయన వెనకే ఆయన అన్న చలమయ్య వచ్చాడు. ఈ కథ నిజానికి చలమయ్యది.

అన్నదమ్ములిద్దరూ మిర్చి యార్డులో కమిషన్ కొట్టు నడిపేవాళ్ళు. సీజను చివర్లో, టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, కాటా వేయించే చోట సాంబమూర్తికి గుండెలో నొప్పి వచ్చింది. మిర్చి ఘాటుకు అందరికీ అట్టాగే ఉంటుందని, సోడా తాగి ఊరుకున్నాడు. మర్నాడూ ఊరుకున్నాడు. ఆ తరవాత కాటా మీదే కూలబడ్డాడు. ఆస్పత్రికి తెచ్చేసరికి గుండెలో రెండు గదుల నడుమ ఉన్న గోడ చిరిగిపోయింది. ఎర్ర రక్తం, నల్ల రక్తం లోపలే కలిసిపోతున్నాయి. బీపీ అందడం లేదు. హడావిడిగా నన్ను దొర్లించుకొచ్చి తగిలించారు. కాసేపటికి సాంబమూర్తి పెదాలకు రంగు వచ్చింది. అద్దం అవతల నిలబడ్డ చలమయ్య ఆ రంగు చూసి గోడకు ఆనుకుని కూర్చుండిపోయాడు.

మర్నాడు సర్జను ఇమ్మానుయేలు చలమయ్యను లోపలికి పిలిచాడు. నా పక్కనే నిలబెట్టి చెప్పాడు.

"గుండె లోపలి గోడ చిరిగిందండీ. కుట్టాలి. అయితే ఇప్పుడా కండ తడిసిన అట్టలాగా ఉంది. దారం వేస్తే కోసుకుపోద్ది. కొద్దిరోజులు ఈ మిషను మీద పెడితే చుట్టూ కాస్త గట్టిపడుద్ది. అప్పుడు కుడతాను."

చలమయ్య గుప్పిట మూసి తెరిచాడు. "తడికాయ అంటారు."

"ఏంటండీ?"

"తడికాయని టిక్కీ తొక్కకూడదండీ. లోపల్లోపలే బూజు పట్టుద్ది. కళ్ళంలో ఆరబోసి, గుప్పిట పడితే గలగలమన్నాక తొక్కాలి. అదేగదా మీరు చెప్పేది?"

డాక్టరు ముఖం విప్పారింది. "సరిగ్గా అదేనండీ. ఇంత తేలిగ్గా పట్టుకున్నవాళ్ళని నేను చూళ్ళేదు."

ఆ మెచ్చుకోలుతో వచ్చింది చిక్కంతా. చలమయ్యకు లెక్క సగమే అందింది. ఆరాలన్నది అందింది. ఆరిన కాయను టిక్కీ తొక్కి కోల్డ్ స్టోరేజీలో పెడితే ఏడాదైనా ఉంటుంది. మనిషి ఉండడు. ఆ రెండో సగం డాక్టరు కూడా చెప్పకపోలేదు. "ఎక్కువ రోజులు ఉంచలేమండీ, దీంతోనూ ప్రమాదాలున్నాయి" అన్నాడు. అది చలమయ్యకు, వ్యాపారులు సరుకు ఇచ్చేటప్పుడు తమ జాగ్రత్త కోసం అనే మాటలాగా వినిపించింది.

ఆయన్ని తప్పుపట్టడానికి లేదు. ఆగడం వల్లే ఆయన ఇంతవాడయ్యాడు. ఆ సంగతి నాకు సాంబమూర్తే చెప్పాడు. అంటే నాకు కాదు, షాహీన్‌కు. మందులు కుదిరాక ఆయనకు తెలివి వచ్చింది. ముక్కుకు గొట్టం ఉంది గాని, నోట్లో ఏమీ లేదు. కాలు మాత్రం కదపకూడదన్నారు. యార్డులో రోజంతా అరిచే మనిషి, పక్క మీద పడి ఉండలేక మాటలు పెట్టుకునేవాడు.

"మా అన్నయ్యని యార్డులో ఏమంటారో తెలుసా అమ్మాయ్? ఆగే చలమయ్య అంటారు. రేటు పడిపోయి అందరూ గోలగోలగా తెగనమ్ముకుంటుంటే, ఆయన కోల్డ్ స్టోరేజీలో పెట్టి తాళం తెచ్చుకుని ఇంట్లో కాఫీ తాగేవోడు. ఓపిక ఉన్నోడిదేరా ధర, అనేవోడు. నేను ఎన్నిసార్లు పోట్లాడానో! అమ్మేద్దాం అన్నయ్యా, అమ్మేద్దాం అన్నయ్యా అని కాళ్ళకి అడ్డం పడేవోణ్ణి."

"మరి ఎవరు గెలిచేవారు బాబాయ్?"

"ఇంకెవరు? ఆయనే. ప్రతిసారీ ఆయనే." ఆ మాటలో ఓటమి లేదు. గర్వం ఉంది. "మా నాన్న పోయినప్పుడు నేను నిక్కర్లేసుకుంటన్నాను. అప్పట్నించీ నా సంతకం కూడా ఆయనదే అనుకో."

చూడ్డానికి అనుమతించే వేళకు చలమయ్య వచ్చేవాడు. ఆయన వెనక సాంబమూర్తి భార్య ఇందుమతి వచ్చి, బావగారి ముందు కూర్చోకుండా, మంచం కాళ్ళ వైపు నిలబడేది. భర్త పాదం చేత్తో పట్టుకుని చూసేది. గొట్టం దిగిన కాలి పాదం ఎప్పుడూ రెండోదానికంటే చల్లగానే ఉండేది. ఆ తేడా ఆవిడ చేతికి తెలుస్తూ ఉండేది గాని, ఎవరితోనూ అనలేదు.

సాంబమూర్తి నా గొట్టాల్ని చూపించి, "చూశావా అన్నయ్యా? నల్లది పోతంది, ఎర్రది వస్తంది. అచ్చం తేజ మిర్చి రంగు" అన్నాడు.

"తేజ కాదురా తిక్కలోడా, బాడిగ మిర్చి రంగు. తల నెరిసినా నీకు రంగు తెలవదు."

"ఘాటు చూసి చెప్పమంటావా?"

"నోరు మూసుకు పడుకో. ఆయాసం వస్తది."

చలమయ్య చిరునవ్వు నవ్వాడు. ఆ నవ్వును నేను గుర్తుపట్టాను. నిలవ పెట్టిన సరుకు భద్రంగా ఉందని కళ్ళారా చూసుకున్న వ్యాపారి నవ్వు అది. నా తెర మీద అంకెలు నిలకడగా ఉన్నాయి. తమ్ముడు మాట్లాడుతున్నాడు, ఇడ్లీ కావాలంటున్నాడు. రోజురోజుకూ రంగు తేలుతున్నాడు. మార్కెట్టు పైకి పోతున్నప్పుడు అమ్ముకునే వెర్రివాడెవడు?

తరవాత ఒక సాయంత్రం ఇమ్మానుయేలు గుండె పరీక్ష చేసి, తృప్తిగా వచ్చాడు. "కండ పట్టు వచ్చిందండీ. ఎల్లుండి పొద్దున్నే తీసుకెళ్దాం."

చలమయ్య వేళ్ళు లెక్కపెట్టాడు. "ఎల్లుండి అమావాస్యండీ."

"అమావాస్య నాడు కూడా గుండె అట్టాగే ఉంటదండీ."

"అది కాదు బాబూ. మీరే చెప్పారు గదా, ఆరేకొద్దీ గట్టిపడుద్దని. మనిషి తేరుకుంటున్నాడు గదా? ఇంకో నాలుగు రోజులు ఆరనిద్దాం. అమావాస్యా దాటుద్ది, గుండె ఇంకాస్త గట్టిబడుద్ది. తొందరేముంది? మిషను బానే తిరుగుతంది గదా."

"చలమయ్యగారూ, ఇది గట్టిపడేదాకా ఆగాం. ఇక ఆగితే మిషనే పాడుచేస్తది. రక్తస్రావం కావచ్చు, కాలు చెడొచ్చు, జ్వరం రావచ్చు..."

"రావచ్చు, కావచ్చు. ఇప్పటిదాకా ఏమీ కాలేదు గదా?"

ఇందుమతి మంచం కాళ్ళ దగ్గరనుంచి అంది. "బావగారూ, డాక్టరుగారు ఎల్లుండి అంటున్నారు గదా..."

"అమ్మా ఇందుమతీ, నేను వాడి చెడు కోరతానా?"

ఆవిడ తల దించుకుంది. నిజంగానే కోరడు. తమ్ముడి కోసం తన రెండు కళ్ళూ ఇమ్మన్నా ఇచ్చే మనిషి.

డాక్టరు సాంబమూర్తి వైపు తిరిగాడు. "ఒళ్ళు మీది. మీరు చెప్పండి. నేను వింటాను."

సాంబమూర్తి అన్న ముఖం చూశాడు. నవ్వుతూనే అన్నాడు. "అమ్మేద్దాం అన్నయ్యా. ఈ ఒక్కసారి నా మాట విను. వచ్చిన కాడికి అమ్మేద్దాం."

"నువ్వు ఎప్పుడు ఆగాలన్నావురా? నీ మాట వినుంటే ఇయ్యాల కొట్టు ఉండేదా?"

"అదీ నిజమే." ఆయన కళ్ళు మూసుకున్నాడు. "మా అన్నయ్య చెప్పిందే నా మాటండీ డాక్టరుగారూ."

ఇమ్మానుయేలు ఇంకాస్త గట్టిగా అనుంటే ఏమయ్యేదో నాకు తెలియదు. అనలేదు. నాలుగు రోజుల్లో ముంచుకుపోదులే అని ఆయన మనసులోనూ ఒక మూల అనిపించి ఉంటుంది. నా తెర అంత బాగుంది మరి. చదువుకున్నవాడైనా, చదువులేనివాడైనా బాగున్న అంకెను చూసి తగువు పెట్టుకోడు.

అమావాస్య నాడు, సాంబమూర్తి ఆపరేషను బల్ల మీద ఉండాల్సిన పొద్దున, చలమయ్య గుడి కుంకుమ పొట్లం తెచ్చాడు. తమ్ముడి నుదుట పెట్టాడు. నర్సు అటు తిరిగిన సమయం చూసి, నా వెనక కమ్మీ మీద కూడా బొటనవేలితో బలంగా ఒక బొట్టు అద్దాడు. "కాపాడు తల్లీ" అన్నాడు. నా లోపల అప్పటికే ఆ గొట్టాల కట్ట మూలల్లో నల్లటి చుక్కలు మొదలయ్యాయి. రక్తం గడ్డలు. షాహీన్ టార్చి వేసి చూసింది. చూసి, డాక్టరుకు ఫోను చేసింది.

అక్కడనుంచి అంతా వరసగా జరిగింది. కట్ట మార్చారు. గడ్డలు ఎక్కువ కాకుండా, రక్తం కారకుండా మందును అటూ ఇటూ సర్దడం మొదలుపెట్టారు. ఎటు సర్దినా రెండోవైపు బెడిసికొడుతోంది. సాయంత్రానికి గొట్టం దిగిన కాలు నీలం తిరిగింది. ఇందుమతి ఈసారి బావగారు ఉన్నారని చూడకుండా, "చూడండి, పాదం మంచుగడ్డలాగా ఉంది!" అని అరిచింది. మర్నాటికి జ్వరం పట్టుకుంది.

అప్పుడు చలమయ్య డాక్టరు గదిలోకి పరుగెత్తాడు. మనిషి ఒక్కరోజులో పండి రాలినట్టయ్యాడు. తరవాత ఇద్దరూ మాట్లాడుకుంటూ నా దగ్గరికే వచ్చారు.

"చేసెయ్యండి డాక్టరుగారూ. ఇప్పుడే చేసెయ్యండి. ఎక్కడ సంతకం పెట్టాలో చెప్పండి."

"ఈ జ్వరంతో గుండె తెరిస్తే బల్ల మీదే పోతారండీ. జ్వరం దిగాలి."

"ఎప్పటికి దిగుద్ది?"

"చెప్పలేను."

"నిన్న పొద్దున్నే చేస్తానన్నారు గదా!"

ఇమ్మానుయేలు సాంబమూర్తి కాలి మీద దుప్పటి సర్దాడు. చలమయ్యకు అదే ఎక్కువ దెబ్బ. సరుకు మంచిదైనా కొనేవాడు దొరకని రోజు ఒకటి ఉంటుందని ఆయనకు యార్డులో ఎన్నడూ తెలియలేదు. ఎప్పుడు తలుపు తీసినా బయట ఎవడో ఒకడు సంచీ పట్టుకుని నిలబడే ఉండేవాడు. ఇప్పుడు తలుపు తీశాడు. వీధిలో ఎవరూ లేరు.

ఆ పూట ఆయన తమ్ముడి తల దగ్గర స్టూలు వేసుకు కూర్చున్నాడు. సాంబమూర్తి జ్వరంలో వణుకుతూ అన్న చేయి తడుముకున్నాడు.

"ఏంటి అన్నయ్యా, ముఖం అట్టా పెట్టావ్? రేటు పడిందా?"

"లేదురా. ఏం పళ్ళేదు."

"పడితే పడనీలే. మళ్ళీ లేస్తది. నువ్వే చెప్తావు గదా, ఆగాలని." తమ్ముడు అన్నను ఓదారుస్తున్నాడు. ఎత్తిపొడుపు కాదు. ఆయనకు ఎత్తిపొడవడం చేతకాదు. అందుకే ఆ మాట అంత లోతుగా దిగింది. చలమయ్య చేయి విడిపించుకుని, బయటికి పోయి, వరండాలో గోడకేసి తల ఆనించుకు నిలబడ్డాడని షాహీన్ నర్సుతో అంటుంటే విన్నాను.

రెండు పొద్దులు గడిచాయి. టిఫిన్ల వేళ సాంబమూర్తి తల పగిలిపోతోందన్నాడు. "యార్డుకి సెలవులిచ్చారా?" అని అడిగాడు. షాహీన్ "ఇంకా లేదు బాబాయ్" అంది. ఆయన మళ్ళీ అదే అడిగాడు. మూడోసారి అడగబోయి, మాట ముద్దగా వచ్చింది. ఎడమ కన్ను పాప పెద్దదైంది. పల్చబరిచిన రక్తం మెదడులో దారి చూసుకుంది. అది నా దస్తూరీయే. నేను అడగను, అరవను. నా భాగం నేను తీసుకుంటాను.

ఆ తరవాత కూడా నేను తిరుగుతూనే ఉన్నాను. ఇది అందరూ తెలుసుకోవలసిన సంగతి. నా అంకెలు ఏమీ తగ్గలేదు. నల్లది వస్తోంది, ఎర్రది పోతోంది. పెదాలు ఎర్రగానే ఉన్నాయి. చేయి పట్టుకుంటే వెచ్చగానే ఉంది. మనిషి మాత్రం లేడు. డాక్టర్లు ఒకరి తరవాత ఒకరు వచ్చి పరీక్షలు చేసి, మెదడు పూర్తిగా పోయిందని తేల్చారు. ఇమ్మానుయేలు చలమయ్యనూ ఇందుమతినీ నా పక్కకు పిలిచి, మిషను ఆపేయడం ఒక్కటే మిగిలిందని చెప్పాడు.

చలమయ్య నావైపు చూశాడు. "తిరుగుతానే ఉంది గదండీ?"

"అది మిషనండీ. అది తిరుగుతూనే ఉంటది."

"రంగు కూడా పోలేదు. చూడండి, ఎంత ఎర్రగా ఉన్నాడో. ఇంకో రెండు రోజులు ఆగుదాం బాబూ. మీ కాళ్ళు పట్టుకుంటాను. అద్భుతాలు జరుగుతాయంటారు గదా. ఆగితే పోయేదేముంది?"

ఇందుమతి ముందుకు వచ్చి, బావగారి ఎదురుగా ఉన్న కుర్చీలో కూర్చుంది. ఆ ఇంటికి కోడలై వచ్చాక ఆవిడ ఆయన ముందు కూర్చోవడం అదే మొదలు.

"ఆయన వెళ్ళిపోయారు బావగారూ. మీరింకా ఎవరి కోసం ఆగుతున్నారు?"

చలమయ్య పైపంచె కళ్ళకు అడ్డం పెట్టుకుని తల ఊపాడు. షాహీన్ నా రెండు గొట్టాలకూ బిగింపులు వేసింది. నా చక్రం కాసేపు ఊరికే తిరిగింది. నేను కేకలు పెట్టాను. రక్తం ఆగితే అరవడం నా ధర్మం. ఆ పిల్ల నా మీట నొక్కి నోరు మూయించి, నా తెర మీద చేయి వేసి నిలబడింది. మధ్యాహ్నం ఎండ కిటికీలోంచి మంచం మీదికి వచ్చి ఉంది. బయట రోడ్డు మీద మిర్చి లారీ ఒకటి హారన్ కొట్టుకుంటూ పోయింది. ఆ ఘాటుకు గదిలో ఉన్నవాళ్ళందరికీ తుమ్ము రాబోయినా, ఎవరూ తుమ్మలేదు.

నా మిగతా కథ చిన్నది. గుంటూరులో ఇంకొందరిని మోశాను. దాటినవాళ్ళు దాటారు. కొన్నాళ్ళకు నా చక్రం మోటారుకు విడిభాగాలు దొరకడం ఆగిపోయింది. ఆస్పత్రివాళ్ళు కొత్తది కొని, నన్ను పాత ఆస్పత్రి సామాన్లు కొనే మౌలాలికి అప్పగించారు. షాహీన్ పెళ్ళి చేసుకుని అప్పటికే విజయవాడ వెళ్ళిపోయింది. మౌలాలి నన్ను యార్డు దగ్గరి ఒక గోడౌనులో, విరిగిన మంచాలు, స్టాండుల మధ్యన నిలబెట్టాడు. నేలంతా ఎర్రటి దుమ్ము. నా చక్రాలు దొర్లిన చోటల్లా ఘాటు లేస్తుంది.

ఆ గోడౌను ఆతుకూరి వారిదని, మౌలాలి కూలీలతో అనే మాటల వల్ల తెలిసింది. తమ్ముడి పెద్దకర్మ అయిన మర్నాడే చలమయ్య కోల్డ్ స్టోరేజీలో ఉన్న సరుకంతా బయటికి తీయించి, అడిగిన మొదటివాడికి ఇచ్చేశాడట. రేటు అడుగున ఉంది. యార్డంతా విస్తుపోయిందట. కొందరు చెవిలో చెప్పారట, నెల ఆగండి శెట్టిగారూ అని. ఆయన వాళ్ళ ముఖం కూడా చూడలేదట. కొట్టు మూసేసి, ఖాళీ గోడౌను మౌలాలికి ఇచ్చాడు. ఇందుమతి పిల్లల్ని తీసుకుని పుట్టింటి ఊరు వెళ్ళింది. పోయేటప్పుడు బావగారి కాళ్ళకు దణ్ణం పెట్టింది గాని, మాట్లాడలేదట.

మొన్న వానలకు గోడౌను కప్పు కారుతోందంటే చలమయ్య చూడటానికి వచ్చాడు. నడుము వంగింది. చేతికర్ర వచ్చింది. పైకి చూస్తూ, మంచాల సందుల్లో నడుస్తూ, నా వెనక కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు. చేయి తీయబోయి ఆగాడు. తుడిచే గుడ్డ ఎప్పుడూ చేరని ఆ మూల, ఎండిపోయి నల్లబడ్డ కుంకుమ బొట్టు ఇంకా ఉంది. ఆయన బొటనవేలు దాని మీద ఆన్చి చూసుకున్నాడు. సరిగ్గా సరిపోయింది.

"మౌలాలీ, ఇది ఆడుద్దా?"

"ఆడుద్ది శెట్టిగారూ. చక్రం బానే తిరుగుతది. పార్టులు దొరకవు, అంతే. విడదీసి ఇమ్మని హైదరాబాద్ ఆయన ఒకటే ఫోన్లు. నేనే ఇవ్వలా. రేటు రానీ, ఏం తొందర?" మౌలాలి నవ్వాడు. "మీరే గదా యార్డులో అందరికీ చెప్పేవోరు. ఓపిక ఉన్నోడిదే ధర అని."

వాన రేకుల మీద పడుతోంది. చలమయ్య వేలు బొట్టు మీదనుంచి తీయలేదు.

"అమ్మెయ్యి."

"ఏంటండీ?"

"అమ్మెయ్యి మౌలాలీ. వచ్చిన కాడికి అమ్మెయ్యి. ఇయ్యాలే అమ్మెయ్యి."

"ఇయ్యాలా? ఇయ్యాల రేటెక్కడుంది శెట్టిగారూ?"

చలమయ్య కప్పు సంగతి అడగకుండానే, కర్ర పట్టుకుని వానలోకి వెళ్ళిపోయాడు. మౌలాలి ఆయన పోయిన వైపు చూసి, "పెద్దాయనకి మతి తప్పింది పాపం" అని కూలీలతో అన్నాడు. నా మీద నీళ్ళు పడకుండా పాత దుప్పటి ఒకటి కప్పి, షట్టరు దించి తాళం వేశాడు.

నన్నింకా అమ్మలేదు. దుప్పటి తడిసి నా లోపలికి నీళ్ళు దిగుతున్నాయి. మౌలాలి రేటు కోసం ఆగుతున్నాడు.